నలభై ఏడు మంది చూసిన పేజీ

ముంబై దగ్గరి ఒక మరమగ్గాల ఊళ్లో, శాంతినగర్‌లో, తొమ్మిదేళ్లు నేనొక వారపత్రిక నడిపాను. పత్రిక అంటే ఒకే కాగితం, రెండు వైపులా తెలుగు అచ్చు. మరమగ్గాలను, తెలుగు నేల నుంచి వలసొచ్చిన మావాళ్లు సాంచెలంటారు. ఏ కార్ఖానాలో సాంచెలకు మనిషి కావాలి, ఏ మనిషికి పని కావాలి, ఊరికి పోయే బస్సు ఎక్కడ ఆగుతుంది, ఇవే అందులో వార్తలు. సాంచెలు బందుండే శుక్రవారం పొద్దున నార్పోలిలోని చాయ్ హోటల్లో చదువొచ్చినవాడొకడు దాన్ని గట్టిగా చదివేవాడు. తక్కినవాళ్లు చాయ్ తాగుతూ వినేవారు. సాయంత్రానికి అదే కాగితంలో భజియాలు పొట్లం కట్టేవారు. అది చూస్తే నాకు కడుపు మండేది. సంపాదకుణ్ని కదా మరి! రాసేదీ, అచ్చు కూర్చేదీ, ట్రెడిల్ అచ్చుయంత్రం తొక్కేదీ, సైకిల్ మీద పంచేదీ కూడా ఆ సంపాదకుడేనని నేను ఎవరికీ చెప్పేవాణ్ని కాదు. చేతులకంటిన సిరాయే చెప్పేసేది.

రెండువేల సంవత్సరం ప్రాంతంలో నా బుర్రలో ఇంటర్నెట్ దూరింది. ముంబైలో ఒక ప్రదర్శనకు పోయి, టై కట్టుకున్న ఒకాయన ఉపన్యాసం విని వచ్చాను. కాగితం పని అయిపోయిందట, ఇక సమాచారమే సరుకట. సగం అర్థమైంది, మిగతా సగం నేనే కల్పించుకున్నాను. నెల తిరక్కుండా ట్రెడిల్‌ను పాత ఇనుము కొనే భంగారువాడికి తూకానికి అమ్మేసి కంప్యూటర్ తెచ్చాను. తెలుగు అక్షరాలు అందరి కంప్యూటర్లలో కనిపించవని ఎవరో అంటే, వెబ్‌సైటు మొత్తం ఇంగ్లీషులోనే పెట్టాను. నా పాఠకుల్లో ఇంగ్లీషు వచ్చినవాళ్లు ఎందరని మా ఆవిడ అడిగింది. ప్రపంచమంతా చూస్తుందన్నాను.

"నార్పోలిల సాంచె ఖాళీ ఉంటే ప్రపంచమొచ్చి నడుపుతదా?" అన్నది.

నేల విడిచి సాము చేసేవాడికి ఇంట్లోవాళ్ల మాటలు వినపడవు. నేను కొత్త విజిటింగ్ కార్డులు కొట్టించుకునే పనిలో ఉన్నాను.

ఆ వేసవిలోనే మా మామ వచ్చాడు. సొంత మామ కాదు, వరసకు మామ. పదహారేళ్లు ఒకే కార్ఖానాలో సాంచెలు నడిపిన మనిషి.

"మా సేటు సాంచెలన్ని భంగార్ల అమ్మిండు అల్లుడా. బడి తెరిచేలోపు పని దొరకకుంటే ఊరికి పోవుడే. బిడ్డ పదోతరగతికొచ్చింది. బడి ఇడిపియ్యాలంటే పానం ఒప్పుతలేదు. నీ పేపర్ల నా పేరు ఏస్తవా?"

"పేపరు బందు మామా. గిది అంతకన్న పెద్దది" అన్నాను.

ఆయనకు ఫోను లేదు. కనుక పేరు, అనుభవం రాసి, రోజూ పొద్దున ఫలానా చాయ్ హోటల్లో కలవవచ్చునని పెట్టాను. పేజీ అడుగున ఒక లెక్క ఉండేది, ఎంతమంది చూశారో చెప్పేది. సాయంత్రానికే ఆరు! పరుగున పోయి మామకు చెప్పాను. మర్నాటి నుంచి ఆయన తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని హోటల్లో రోడ్డు వైపు బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. కొత్త మనిషి ఎవరు లోపలికొచ్చినా లేచి నిలబడేవాడు. నేను రోజూ వెళ్లి లెక్క చెప్పేవాణ్ని. పద్దెనిమిది. ముప్పై ఒకటి. నలభై. ఒక్కరూ రాలేదు. పెద్ద పెద్దవాళ్లు చూస్తున్నారు మామా, ఆలోచించుకుంటున్నారు అని ధైర్యం చెప్పాను. నాకంటే ఎక్కువగా నన్ను ఆయనే నమ్మాడు.

గురువారం మా ఆవిడ నా వెనక నిలబడి తెరను చూసింది.

"ఏమయ్యా, అన్నం తినే ముందు నలభై ఆరుండె. తినొచ్చి తెరిస్తె నలభై ఏడు. నడుమ ఎవ్వలు రాలె. నువ్వు తెరిచినప్పుడల్లనే ఒకటి పెరుగుతుంది గద?"

అవతలివాళ్లు ఎందరొచ్చారో చూద్దామని నేనే రోజుకు నాలుగైదుసార్లు తెరిచేవాణ్ని. ప్రపంచమంటే అప్పటిదాకా నేనే. నా వెర్రికి నవ్వుకోవచ్చు, కానీ బడి తెరవడానికి పదకొండు రోజులే ఉన్నాయి.

శుక్రవారం పొద్దున హోటలుకు పోయాను. మామ ఇస్త్రీ చొక్కాతో లేచి నిలబడ్డాడు. తల దించుకుని చెప్పాను.

"ఎవ్వలు చూడలే మామా. అన్నిసార్లు నేనే చూసిన."

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"అన్ని నీవి గావు. ఒకటి నాది. మొన్న బిడ్డ నిజాంపురాల కంప్యూటర్ దుకాణానికి తీస్కపోయి సూపిచ్చింది. నాకు సదువ రాదు గని, పేరు మంచిగ కనవడ్డది."

సిగ్గుతో చితికిపోయాను. పని వెతుక్కునేవాడే వచ్చి తన పేరు చూసుకున్నాడు, దానికి నేను పెద్దవాళ్లు ఆలోచిస్తున్నారన్నాను. తొక్కడానికి ట్రెడిల్ లేదు. జేబులోని కొత్త కార్డు తీసి, దాని వెనక మామకు పని కావాలని తెలుగులో రెండు ముక్కలు రాసి, బల్ల పక్కన నిలబడి నేనే గట్టిగా చదివాను. భజియాలు తినేవాళ్లు నమలడం ఆపారు. వెనక బల్ల మీంచి ఒకాయన లేచాడు.

"మా సేటుకు ఒకలు కావాలె. ఎన్ని సాంచెలు నడుపుతవే?"

సోమవారం మామ పనిలో చేరాడు. బడి తెరవగానే బిడ్డ పదోతరగతిలో కూర్చుంది.

వారం తర్వాత ఆయన మా ఇంటికొచ్చాడు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, తల నిండా దూది.

"అల్లుడా, కంప్యూటర్లకెళ్లి నా పేరు తియ్యి. పాపం ఎవలన్న దూరంకెళ్లి వస్తే, నేను హోటల్ల ఉండ గద."

అట్లాగే మామా అన్నాను. పేరు తీసేసి, పోయిందో లేదో చూద్దామని పేజీ తెరిచాను. లెక్క ఇంకొకటి పెరిగింది.