యేసుమణి ముట్టని చెంబు

మా తొండుపల్లిలో మా బాయి నీళ్లకు వంక పెట్టిన మనిషి లేడు. మూడో తరగతితో బడి మానేసినదాన్నే అయినా, నీళ్ల రుచి గురించి నాకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. అందుకే యేసుమణి మా ఇంటికి వచ్చిన మూడుసార్లూ నేను చెంబు అందిస్తే, "దూప లేదవ్వా" అని పక్కన పెట్టేసరికి ఒళ్లు మండింది.

యేసుమణి చర్చి వెనక సందులో ఉంటుంది. భర్త కాలేబు విమానాశ్రయం దగ్గర క్యాబ్ నడుపుతాడు. ఈమె నీళ్ల పరీక్ష నేర్చుకుని, నీలం సంచి భుజాన వేసుకుని ఐదేళ్లుగా ఇల్లిల్లూ తిరుగుతోంది. కుక్కలు మొరిగినా, నాలాంటివాళ్లు మొరిగినా ఆమె నడక మారదు.

ఈ ఎండాకాలం నా మనవరాలు ప్రియదర్శినికి నెలలో మూడోసారి విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగేళ్ల పిల్ల. దవాఖానలో సెలైన్ ఎక్కించి పంపితే వారానికే మళ్లీ కళ్లు లోపలికి పోయాయి. కోడలు మనీషా నాకు చెప్పకుండా యేసుమణిని పిలిచింది.

"జర మీ బాయి నీళ్లు పరీక్ష చేద్దామవ్వా."

"నా బాయికేమైంది? పాలలెక్క తియ్యగుంటయి. గా బోరు నీళ్లు ఉప్పగుంటయి, గవి చూసుకో పో."

"తీపి నాలుకకు తెలుస్తది. గిది నాలుకకు తెల్వది."

"నీ సీసాలనే ఏదో మందున్నది. నువ్వు పోస్తే నేను నమ్మ."

ఆమె నవ్వింది. "నేను పొయ్య. నువ్వే పొయ్యి, నీ ఇంట్లనే పెట్టుకో. నల్లగయితే దొడ్డి మురికి కలిసినట్టు."

రెండు చిన్న సీసాలిచ్చింది. ఒకదానిలో బాయి నీళ్లు పోశాను. రెండోదానిలో, ఆమె చెప్పినట్టే, అవే నీళ్లు మసలబెట్టి, చల్లార్చి పోశాను. గుర్తుకు దానికి ఎర్ర పీలిక కట్టాను. రెండూ బియ్యం డబ్బా వెనక దాచి, ఆ గదిలోకి ఎవరినీ రానివ్వలేదు.

మర్నాడు పొద్దున తీసి చూశాను. పీలిక కట్టిన సీసా పోసినప్పటిలాగే ఉంది. మసలబెట్టని నీళ్లది పొయ్యి మసిలా నల్లబడింది.

బాయి దగ్గరికి వెళ్లి తొంగిచూశాను. నీళ్లు అద్దంలా ఉన్నాయి. నా ముఖం కనబడింది, దాని వెనకే దిగుతున్న విమానం కనబడింది. అంత తేటలో అంత నలుపు ఎక్కడ దాక్కుందో? డెబ్భై ఏళ్లలో దేవుడి ముందు కూడా నేనంత భయంగా నిలబడలేదు.

నల్లబడ్డ సంగతి నాకొక్కదానికే తెలుసు. సీసా విసిరేస్తే మా బాయి పేరు నిలిచేది. మా సందులో పదకొండు ఇళ్లవాళ్లు ఆ నీళ్లే తాగుతారు. ఇంతలో లోపలినుంచి పిల్ల, "నానమ్మా, దూప" అంది.

సీసా తెచ్చి బాయి గట్టుమీద అందరికీ కనబడేలా పెట్టాను. కడవతో వచ్చిన రేణుకమ్మ అడిగింది.

"ఏందక్కా గిది, కాటుకా?"

"నా బాయి నీళ్లు. కడవ ఖాళీగనే తీస్కపో."

యేసుమణి వచ్చింది. 'నేను చెప్పలేదా' అన్న మాట ఆమె నోట రాలేదు. అడుగులు లెక్కపెట్టుకుంటూ బాయి చుట్టూ నడిచి, మా కిరాయి గదుల వెనక ఆగింది. విమానాశ్రయంలో పనిచేసే కుర్రాళ్ల కోసం రెండేళ్ల కింద కట్టించిన గదులవి. వాటి మరుగుదొడ్ల గుంత బాయికి పన్నెండు అడుగుల్లోనే ఉంది.

"గీడ తవ్వమని ఎవరన్నరవ్వా?"

"నేనే. జాగ కలిసొస్తదని."

ఆమె తల మాత్రం ఊపింది. నేనైతే ఆ మాట పట్టుకుని ఊరంతా తిరిగేదాన్ని.

గుంత పూడ్పించి, పెరటి చివర వేరేది కట్టించాం. యేసుమణి పదకొండు ఇళ్లూ తిరిగి నీళ్లు బుడగలొచ్చి తెర్లేదాకా మసలబెట్టడం, చెయ్యి ముంచకుండా పొడుగు గరిటెతో తీయడం నేర్పింది. ప్రతి ఇంటికీ నన్ను వెంటబెట్టుకుని పోయింది. బాయి నాది కాబట్టి నేను చెబితే నమ్ముతారట. నా తప్పును నాకే పనిగా అప్పజెప్పిన మనిషిని ఇంకెక్కడా చూడలేదు. పిల్లకు మళ్లీ సెలైన్ పెట్టాల్సిన పని పడలేదు.

నిన్న మిట్టమధ్యాహ్నం వచ్చి గడప మీద కూర్చుంది. నేను చెంబు అందించలేదు. ముఖం చెల్లలేదు.

"అవ్వా, దూపైతుంది. జర నీళ్లియ్యి."

మసిలి చల్లారిన నీళ్లు గరిటెతో తీసి చెంబు నింపి, రెండు చేతులతో ఇచ్చాను. తలెత్తి గటగటా తాగి, ఖాళీ చెంబు మళ్లీ నా ముందుకే చాపింది.