పూజలో కూర్చున్న నడక మిషను

బరువు తగ్గకపోతే మోకాళ్లు పోతాయని డాక్టరు బెదిరించాక, కలకత్తా వెళ్లి సెకండ్‌హ్యాండులో ఒక నడక మిషను కొన్నాను. కమ్మీ పట్టుకుని పట్టా మీద నడిస్తే పట్టా వెనక్కి పోతుంది, మనం మాత్రం గదిలోనే ఉంటాం. తిన్న వెంటనే ఎక్కొద్దని, మెల్లగా మొదలుపెట్టమని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

పెళ్లయిన నాటినుంచీ నన్ను గూడ్సుబండి అంటున్న బావమరిది అప్పలస్వామికి నా నడక చూపిద్దామని ఈ ఉదయం ఇంటికి పిలిచాను. తీరా చూస్తే మా ఆవిడ మిషనుకు బొట్లు పెట్టి బంతిపూల దండ వేసి ఉంచింది. ఇవాళ విశ్వకర్మ పూజ. మా రైల్వే వర్క్‌షాపులో లేతు మిషన్లు కూడా పూజ కోసం ఆగే రోజు.

"పూజ సేసినదాని మీద కాలెడతారేటండీ? రేపెక్కండి," అంది.

అప్పలస్వామి బూందీ నములుతూ, "ఠీక్ హై బావా. గూడ్సుబండికి ఇయ్యాల సిగ్నల్ నేదు," అన్నాడు.

మా ఆవిడే దారి చూపింది. ప్రసాదం బకెట్టు తమ్ముడి చేతికిచ్చి, తాల్‌బగీచా పేటలో చుట్టాలందరికీ పంచి రమ్మని మా ఇద్దర్నీ నడిపించింది.

తిరిగి వస్తుంటే పూరీ గేట్ దగ్గర వాడు ఖాళీ బకెట్టు బోర్లించి దానిమీద కూలబడ్డాడు.

"కూసింత ఆగు బావా."

"నాకు సిగ్నల్ ఇచ్చేశార్రా," అని వచ్చేశాను.

మీ ఇళ్లలో పూజకే తప్ప పనికి నోచుకోని మిషన్లేమున్నాయో నేనిది అంటించిన ఈ రీడింగ్ రూమ్ బోర్డు మీదే రాయండి. అప్పలస్వామి జవాబు కోసం తొందరపడకండి. వాడింకా ఇల్లు చేరలేదు.