పగులును కొలిచిన ఎస్తేరు మేడం

రాగి ఖనిజం ఉన్న రాయిని సుత్తితో కొడితే అగ్గిపుల్ల గీసినప్పటిలాంటి సన్నటి గంధకం వాసన వస్తుంది. తిరుపతిలో నేను జియాలజీ చెప్పే కాలేజీలో మొన్న ప్రాక్టికల్ క్లాసు జరుగుతుండగా, చంద్రగిరి నుంచి వచ్చే ఒక అమ్మాయి బల్ల మీది రాయిని రెండుగా పగలగొట్టింది. గాలిలో ఆ వాసన ఒక్క క్షణం నిలిచింది. క్లాసు సాగిపోయింది గానీ నా మనసు మాత్రం సాగలేదు. ఆ వాసనను నాకు మొదట చూపించిన మనిషి ఎస్తేరు మేడం. కిందటి వేసవిలో సత్యవేడులో కన్నుమూశారు. పేపర్లో నాలుగు లైన్లు కూడా రాలేదు. రావలసిన మనిషి కాబట్టి నేను రాస్తున్నాను.

మాది బంగారుపాళ్యం. నాయన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. ఎమ్మెస్సీ అయ్యాక నాకు మధ్యభారతంలో ఒక పెద్ద రాగి గనిలో ఉద్యోగం వచ్చింది. కొండను నెత్తి నుంచి తొలిచి తొలిచి, మెట్లు మెట్లుగా పాతాళానికి దింపిన గుంట అది. అంచున నిలబడి చూస్తే అడుగున రాయి మోసే డంపర్లు చీమల్లా కనిపించేవి. మొదటి రోజు నేను రెండడుగులు వెనక్కి వేశాను. పక్కన పొట్టిగా, నల్లగా, హెల్మెట్ కింద నెరిసిన జుట్టుతో ఒకామె నిలబడి ఉంది. "ఏం పాపా, యా ఊరు?" అంది. చెప్పాను. "అట్లనా! మాది సత్యవేడు. ఇంగేం, ఈడ మనిద్దరం ఒకే ఊరోళ్ళం" అని చెయ్యి పట్టుకుని కిందికి నడిపించింది. ఆమే ఆ గని సీనియర్ జియాలజిస్టు. నాకు మొదటి రోజే నా కొలత బూట్లు ఇచ్చారు. గనిలో ఆడవాళ్ళ కొలత బూట్ల కోసం ఆమె ఏటా ఒక ఉత్తరం రాస్తూ వచ్చిందనీ, అవి వచ్చేదాకా మగవాళ్ళ బూట్లలో గుడ్డలు కుక్కుకుని నడిచిందనీ తర్వాత స్టోర్సు గుమాస్తా చెప్పాడు.

ఆమె పుస్తకం తెరిచి పాఠం చెప్పింది తక్కువ. నా అరచేతిని గుంట రాతిగోడకు ఆనించి చెప్పేది. ఒకరోజు గ్రానైట్ మధ్యలో గోడ పొడుగునా పోతున్న తెల్లటి పలుగురాతి చారను చూపించింది. "ఈ రాయి కోట్ల ఏండ్ల కిందట పగిలింది పాపా. ఆ పగుల్లోకి అడుగునుంచి వేడినీళ్ళు ఎక్కినాయి. వస్తా వస్తా రాగిని మోసుకొచ్చి ఈడ పెట్టినాయి. పగులు లేకుంటే రాగి లేదు, మనకి ఉద్యోగమూ లేదు. అట్లని పగుల్ని నమ్మద్దు. తర్వాత వచ్చిన పగుళ్ళు కూడా ఉండాయి. వాటిల్లో రాగి ఉండదు, బంకమట్టి ఉంటాది. వానొస్తే సబ్బు మాదిరి జారతాది." ఆ రెండు రకాల పగుళ్ళనూ విడదీసి గుర్తుపట్టడమే తన ఉద్యోగమని ఆమె నమ్మకం. గోడ కింద పనిచేసే వాళ్ళకు అది తెలియదు కాబట్టి మనకు తెలిసి తీరాలి అనేది.

నేను చేరిన రెండో ఏడు వానాకాలంలో తూర్పు గోడ పైఅంచున ఒక పగులు కనబడింది. ఆమె దానికి అటొకటి ఇటొకటి ఇనుప మేకులు కొట్టించి, మధ్య దూరాన్ని పొద్దునా సాయంత్రం టేపుతో కొలిపించింది. రెండో రోజుకే వేలెడు పెరిగింది. సరిగ్గా ఆ గోడ కిందే మంచి ఖనిజం ఉంది. రాయిని ఎత్తి డంపర్లలో పోసే షావెల్ అక్కడే పనిచేస్తోంది. మేడం తనిఖీ పుస్తకంలో ఎర్ర సిరాతో 'ఈ గోడ కింద మనిషి ఉండకూడదు' అని రాసి, జీపును దారికి అడ్డంగా పెట్టించి అక్కడే నిలబడింది. మేనేజరు వచ్చాడు. నెల ఉత్పత్తి పడిపోతుందన్నాడు. చివరికి, ఆడవాళ్ళకు ప్రతి పగులూ భూకంపంలాగే కనిపిస్తుందని అందరి ముందూ నవ్వాడు. ఆమె హిందీలో తాపీగా జవాబిచ్చింది. "భయపడ్డానని రాసుకోండి సార్. కింద నిలబడేది మీరు కాదు కదా."

ఆ సాయంత్రమే ఆమెను గని పనుల నుంచి తప్పించి, పాత రాతి నమూనాలు దాచే షెడ్డుకు పంపారు. మర్నాడు మేనేజరు నన్ను పిలిచాడు. గోడ నిలకడగా ఉందన్న కాగితం సిద్ధంగా పెట్టాడు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదని గుర్తుచేశాడు. నేను సంతకం పెట్టాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని పెట్టించలేదు. మధ్యాహ్నానికి షావెల్ మళ్ళీ గోడ కిందికి వెళ్ళింది.

భోజనానికి పోలేదు. షెడ్డుకు వెళ్ళి ఆమె ముందు నిలబడి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. చేతిలోని రాతి ముక్కను పెట్టెలో సర్ది, ముక్కు మీది కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"సంతకం ఎవురిది?"

"నాదే మేడం."

"నీదైతే నువ్వే ఎనక్కి తీసుకో. దానికి ఇంకొకరు రావాల్నా?"

"ఉద్యోగం పోతే నాయనకు ఏం చెప్పాల మేడం?"

"ఏం చెప్పాల్నో నాకూ తెలీదు పాపా. కానీ ఆ షావెల్ తోలేవాడికీ ఇంట్లో నాయన ఉండాడు. ఆయనకి నువ్వేం చెప్తావో అది కూడా ఆలోచించు."

అక్కడే కాగితం అడిగి రాశాను. నా కొలతల ప్రకారం గోడ కదులుతోంది, ఒత్తిడికి లోనై పెట్టిన సంతకాన్ని వెనక్కి తీసుకుంటున్నాను అని. ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకునేదాకా కదలలేదు. మేనేజరు పని ఆపించలేదు. మర్నాటి నుంచి షెడ్డు తెరవకముందే మేడం, నేను టేపు పట్టుకుని గోడ అంచుకు పోయాం. రావద్దని తాఖీదు వచ్చింది. దాని వెనకవైపే ఆమె ఆనాటి కొలత రాసుకుంది. కింద డ్రైవర్లు మమ్మల్ని చూడసాగారు. మేడం పైట చెంగు ఊపితే బయటికి రావాలని వాళ్ళలో వాళ్ళే అనుకున్నారట.

మూడో రోజు దూరం బాగా పెరగడం చూసి, షెడ్డుకు పోకుండా అంచునే కూర్చున్నాం. పదకొండు గంటలప్పుడు మేకుల దగ్గర సన్నగా మట్టి రాలడం మొదలైంది. మేడం "పాపా, ఇంగ చాలు" అని ఒక్కసారి లేచి చెంగు ఊపింది. ఊపుతూనే అరిచింది. అంత చిన్న మనిషిలో అంత గొంతు ఉందని నాకు తెలియదు. డంపర్లు వరసగా బయటికి వచ్చేశాయి. షావెల్ తోలే అతను యంత్రాన్ని అక్కడే వదిలి పరుగెత్తాడు. అతను మలుపు దాటిన కాసేపటికి గోడ ఒక్క ముక్కగా జారింది. దుమ్ము అణిగాక చూస్తే షావెల్ లేదు. మనుషులందరూ ఉన్నారు. మేడం నేల మీద కూలబడి, బయటపడ్డ వాళ్ళను వేలితో ఒక్కొక్కరినే మళ్ళీ లెక్కపెట్టింది. 

అంతటితో అయిపోలేదు. గోడ ముందస్తు సూచన ఏదీ లేకుండా హఠాత్తుగా కూలిందని ఒక నివేదిక తయారైంది. ఇద్దరం సంతకం పెడితే ఆమె మళ్ళీ తన కుర్చీలోకి వస్తుంది, నా ఉద్యోగం ఖాయమవుతుంది. మేడం దాన్ని మొత్తం చదివి, బల్ల మీద వెనక్కి తోసింది. "సూచన నేను రాసిచ్చాను సార్, ఎర్ర సిరాతో. మీరు చదవలేదని రాయండి. సంతకం పెడతాను." నేనూ కలం మూత పెట్టేశాను. ఆమెను ఎక్కడో ఒక మూల ఆఫీసుకు బదిలీ చేశారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉంచారు. నా ప్రొబేషను మరో ఏడాది పొడిగించారు. నాయనకు ఫోన్ చేసి అంతా చెప్పాను. "అందురూ బతికినారు గదా, ఇంగేం కావాల" అన్నాడు.

మేడం పోయినప్పుడు సత్యవేడు చర్చిలో నాకు తప్ప ఎవరికీ తెలియని ఒక మనిషి వెనక వరసలో కూర్చున్నాడు. రెండు రైళ్ళు మారి వచ్చిన షావెల్ డ్రైవరు. వెంట కాలేజీ చదువుతున్న కూతురిని తెచ్చాడు. ఆ పిల్లకు తెలుగు రాదు, ప్రార్థన అర్థం కాలేదు. అయినా చివరిదాకా నిలబడే ఉంది.

కొన్నేళ్ళకు నేను గని వదిలి, పాఠాలు చెప్పడానికి తిరుపతికి వచ్చేశాను. ఇప్పుడు చుట్టుపక్కల రాతి క్వారీల వాళ్ళు గోడలు పరీక్షించమని నా దగ్గరికి వస్తారు. పోయిన నెల ఒకాయన పెద్ద కారులో వచ్చి, చూసి రావాల్సిన పనిలేదు, బాగుందని రాసిస్తే చాలన్నాడు. తనకు ఎవరెవరు తెలుసో చెప్పాడు. నాకు భయం వేసింది. అయినా క్వారీకి వెళ్ళి గోడంతా కొలిచి, ఏ మెట్టు దగ్గర పని ఆపాలో గీత గీసి, కింద నా పూర్తి పేరు రాసి ఇచ్చాను. ఆయన అది చదివి, "ఇట్ల రాస్తే ఇంగ మిమ్మల్ని ఎవురూ పిలవరు మేడం" అన్నాడు.

"పిలవకపోతే నేనే వస్తానప్పా" అన్నాను.