పదకొండో మంచం, పద్దెనిమిదో మంచం

దయ్యం పట్టిందని ఎవరైనా అంటే డాక్టరుకు చూపించమనే మనిషిని నేను. ఇరవై ఏళ్లకు పైగా ఆసుపత్రి ల్యాబులో పనిచేశాను. శవాల గది గోడకు ఆనుకొని కూర్చొని టిఫిన్ డబ్బా విప్పేవాణ్ని. ఏనాడూ ఏదీ కనపడలేదు. ఇది చదివి నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, ఇంకొకరు చెబితే నేనూ నవ్వేవాణ్నే.

ఎనభైల చివరి మాట. మాది యాకుత్‌పురా. మా బాపు మల్లయ్య రైల్వేలో గేట్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. షుగరు ఉండేది. అరికాల్లో కంకర రాయి గుచ్చుకుంటే నొప్పి తెలియలేదు. మేం చూసేసరికి అరచెయ్యంత పుండు. నేను పనిచేసే ఆసుపత్రిలోనే చేర్పించాను, పదకొండో మంచం ఇచ్చారు.

ఎదురు వరసలో పద్దెనిమిదో మంచం గౌస్ భాయ్‌ది. మొఘల్‌పురా మనిషి, లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసేవాడు. కుంపటి ముందు కూర్చొని పనిచేస్తుంటే నిప్పు కణిక కాలి మీద పడింది. ఆయనకూ షుగరే, ఆయనకూ తెలియలేదు. కాలిన వాసన వస్తే లక్క మాడుతోందనుకున్నాడట.

ఇద్దరికీ కాలు తీసెయ్యాలన్నారు. కొత్తగా వచ్చిన సర్జన్ ఒకాయన నెల రోజులు చూద్దామన్నాడు. రోగి నెత్తురే కొంచెం తీసి మిషన్‌లో గిరగిరా తిప్పితే ఎర్రదంతా అడుగుకు దిగుతుంది, పైన పల్చటి పసుపు నీరు తేలుతుంది. ఆ నీటి అడుగున ఉండే సన్నటి పొరలో గాయాన్ని మాన్పే గుణం ఉందని ఆయన ఏదో విదేశీ వైద్య పత్రికలో చదివాడు. దాన్ని గాజుగుడ్డకు పట్టించి పుండు మీద కట్టాలి. సోమవారం ఒకసారి, గురువారం ఒకసారి. తిప్పే పని నాది.

“మన ఖూనే మనకు దవా అంట మల్లన్నా! ఇగ ఫికర్ ఏంది?” అని గౌస్ భాయ్ వార్డంతా వినపడేలా అన్నాడు.

“కట్టె పట్టుకొనైనా నా పని నేను చేసుకోవాలె భాయ్. ఒకని మీద పడి బతుకుడు నాతోని కాదు,” అన్నాడు బాపు. ఆయనకు కావలసింది అంతే.

పొద్దున సిస్టర్ నెత్తురు తీసి గొట్టాలు నా చేతికిచ్చేది. వాటి మీద ప్లాస్టర్ ముక్క అంటించి పేరు, మంచం నంబరు రాయాలి. బాపు పేరు నెత్తుటి గొట్టం మీద రాయబుద్ధి కాలేదు. ఎందుకో అశుభం అనిపించింది. ఏ నమ్మకాలూ లేవని అందరితో వాదించే నేనే, పేరు వదిలేసి పదకొండు అని మాత్రం రాశాను. ఒకదానికి రాసి ఒకదానికి రాయకపోతే బాగుండదని గౌస్ భాయ్ గొట్టం మీదా పద్దెనిమిది అనే రాశాను.

మూడో వారానికి బాపు పుండు అంచుల్లో లేత గులాబీ రంగు కండ పట్టింది. నాకు ఏడుపొచ్చింది. గౌస్ భాయ్ పుండు మాత్రం నల్లబడుతూ పోయింది. జ్వరం దిగలేదు. నాలుగో వారంలో మోకాలి కింద తీసేసి ఆయన్ని వేరే బిల్డింగ్‌కు మార్చారు.

మూడు రోజుల తర్వాత, గురువారం. డ్రెస్సర్ ఒక్కడే ఉంటే బాపు కాలు నేను పట్టుకున్నాను. గోడ గడియారంలో పదకొండూ ఇరవై దాటింది. కట్టు విప్పగానే గులాబీ కండ చక్కగా కనపడింది. అంతలో బాపు తలెత్తాడు.

“లక్క మాడుతున్నదిరా,” అన్నాడు.

మాకు స్పిరిట్ వాసన తప్ప ఏదీ రాలేదు. కిందికి చూసేసరికి ఆ కండ రంగు మారుతోంది. గులాబీ పోయి బూడిద రంగు వచ్చింది, ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా, మా ఇద్దరి కళ్ల ముందే. డ్రెస్సర్ చేతిలో దూది అలాగే ఉండిపోయింది.

మధ్యాహ్నం తెలిసింది, గౌస్ భాయ్ పోయాడని. కేస్‌షీట్ నేనే అడిగి చూశాను. పదకొండూ ఇరవై అయిదు అని రాసి ఉంది.

సాయంత్రం బాపుకు చెప్పాను. ఎదురు మంచం వైపు చూశాడు.

“ఇగ మంచాలు మార్చుకునుడు లేదు,” అన్నాడు.

అర్థం కాలేదు, అడిగాను. గౌస్ భాయ్ మంచం తూర్పు ముఖంగా ఉంది. కాలు కదలకుండా కట్టారు కాబట్టి తిరిగి కూర్చోలేడు. నమాజుకు పడమర ముఖం కావాలి. బాపు మంచం పడమర ముఖంగా ఉంది.

“పొద్దుగాల నెత్తురు తీస్కపోంగనే వార్డు బాయ్‌ను పట్టుకొని ఆయన నా మంచం మీదికి, నేను ఆయన మంచం మీదికి. కట్టు గిట్ల కట్టించుకున్నంక, నువ్వు డ్యూటీ దిగేటాళ్లకు మళ్ల ఎవలిది వాళ్లకు. సిస్టరమ్మ లొల్లి చేస్తదని ఇంకెవ్వలకు చెప్పలే.”

డ్రెస్సర్ మంచం నంబరు చూసి కట్టు కట్టేవాడు. పేరు లేదు కాబట్టి అడిగే పని లేదు. ఆ నెలంతా బాపు నెత్తురు గౌస్ భాయ్ పుండు మీద, గౌస్ భాయ్ నెత్తురు బాపు పుండు మీద కట్టారు. ఇద్దరి గ్రూపూ ఒకటేనని రిజిస్టరు చూసి ఊరట పడ్డాను, సిగ్గు లేకుండా. సర్జన్‌కు చెప్పలేదు. గౌస్ భాయ్ ఇంటివాళ్లకూ చెప్పలేదు. ఆయన నెత్తురు ఆయనకే అంది ఉంటే బతికేవాడేమో అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు.

బాపు కాలు తొడ దాకా తీసేశారు. ఇంటికి తెచ్చాం. మంచం మీదే అన్నీ. మాతో మాట్లాడటం తగ్గించేశాడు. బతకాలన్న ఆశ ఆయనకు లేదని మాకు తెలుస్తూనే ఉంది.

పోయే రోజు మధ్యాహ్నం అమ్మ గంజి తాగిస్తోంది. బాపు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. కళ్లు మూసుకొని, బొటనవేలు లోపలికి మడిచి, కణుపులు నెమ్మదిగా నొక్కి చూశాడు. గాజులవాళ్లు అలా పట్టి చూస్తారు.

“సవా దో,” అన్నాడు, రెండుంపావు అని. “ఆకుపచ్చయి ఏస్తే నిండుగుంటయ్.”

అమ్మ బిత్తరపోయి నా వైపు చూసింది. పెళ్లయిన దగ్గర్నుంచి బాపు ఆమెకు గాజులు కొన్నది లేదు, కొలతల పేర్లు తెలిసింది లేదు. ఆమెకూ తెలియవు, చెయ్యి చాపడమే తెలుసు.

పదో రోజు అమ్మ గాజులు తీసేశారు. విరగని గాజు ఒకటి జేబులో వేసుకొని లాడ్ బజార్‌కు వెళ్లాను. మొదట కనపడిన దుకాణంలో ఇచ్చి, కొలత చెప్పమన్నాను. ఆయన దాన్ని కొలత కర్రకు తొడిగాడు.

“సవా దో, భాయ్. కిత్నే దూఁ?”

ఎన్ని కావాలని అడుగుతున్నాడు. గాజు తీసుకొని వచ్చేశాను.

ఎదురెదురుగా నెల రోజులున్న మనుషులు, గౌస్ భాయ్ కబుర్లలో కొలతల పేర్లు చెప్పి ఉంటాడు, లక్క సంగతీ చెప్పి ఉంటాడు. అంతవరకు ఒప్పుకుంటాను. మరి చెయ్యి పట్టి చూడటం కబుర్లలో ఎలా వస్తుంది? ఆ అయిదు నిమిషాల్లో కండ ఎందుకు చచ్చిపోయింది? నేను ఎవరి నెత్తురు ఎవరికి పంపానో మాత్రం తెలుసు.