ఎవరి ఎద్దు పేడ వాళ్లకే

మా కాలంలో ఇంటి వెనక పెంటకుప్ప ఎంత ఎత్తుంటే ఆ ఇంటి కోడలికి అంత పేరు. మూడో తరగతిలోనే బడి మానేసిన నాకు వేరే విధంగా పేరొచ్చే దారి లేదు కనుక, పాలకుర్తి దగ్గరున్న అత్తగారి ఊళ్లో కాలుపెట్టిన నెలకే పేడ మీద పడ్డాను (జారి కాదు, మనసు పెట్టి). మాకు ఒక్కటే ఎద్దు, పక్కింటి వదినవాళ్లకూ ఒక్కటే. రెండింటినీ ఒక కాడికి కట్టి ఒకరోజు మా చేను, ఒకరోజు వాళ్ల చేను దున్నుకునేవాళ్లం. ఆ యేడు తొలివాన పడ్డాక ముందు వాళ్ల వంతు వచ్చింది. మా తెల్లెద్దు వేసిన పేడ వేసినట్టే ఎత్తుకొద్దామని నేను గంప పట్టుకుని నాగలి వెనకే నడిచాను. వదిన అడ్డం నిలబడింది.

“ఈ పొద్దు మా గడ్డి తిన్నదే మరదలా. పెండ మాదే.”

“గడ్డి మీదే గావచ్చు వదినె, కడుపు మా ఎద్దుది.”

మాట పెరిగింది. నేను ఎద్దును విప్పుకుని ఇంటికి తోలుకొచ్చాను. మూడు రోజులు రెండు చేలూ అలాగే పడి ఉన్నాయి. తడి ఆరిపోతే విత్తనం పడదనీ, ఒంటెద్దుతో దున్నలేమనీ ఇద్దరికీ తెలుసు, ముందుగా పలకరించడమే ఎవరికీ చేతకాలేదు. మా అత్త అన్నం వడ్డిస్తూ, వచ్చే యేడు పేడే వండుకుందామా బిడ్డా అని నెమ్మదిగా అడిగింది.

నాలుగో రోజు పొద్దున చూస్తే కొట్టంలో ఎద్దు లేదు. తాడు తెంపుకుని దాని జతగాడి దగ్గరికి పోయింది. కాసేపటికి వదిన దాన్ని తోలుకుంటూ వచ్చి, నెత్తి మీది గంప నా ముందు దించింది.

“నీ ఎద్దు మా కొట్టంల ఏసింది. పిడికెడు గూడ ఉంచుకోలే. మంచిగ జూస్కో, రేపు నన్ననకు.”

నవ్వే అలవాటు లేని నాకు ఆ రోజు కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వొచ్చింది. మధ్యాహ్నానికల్లా వాళ్ల చేలో నాగలి కదిలింది. ఆ గంపను అక్కడే గుమ్మరించాను (సగమే, మిగతా సగం ఇంటికి తెచ్చాను).

ఇప్పుడు ట్రాక్టరు వచ్చి గంటలో దున్నిపోతుంది. అది పేడ వేయదు, తాడు తెంపుకుని ఎవరింటికీ పోదు. వదిన పోయి చాలా ఏళ్లయింది. మొన్న హనుమకొండలో మనవరాలు డాబా మీది కుండీల కోసం ఎరువు సంచి కొనుక్కొచ్చింది. సాయంత్రం వీధిలో ఒక ఆవు పేడ వేయడం చూసి, కవరు పట్టుకుని మెట్లు దిగాను. వంగబోతూ అలవాటుగా అటూ ఇటూ చూశాను. అడ్డం వచ్చేవాళ్లు ఎవరూ లేరు, మొత్తం నాదే.

అయినా సగమే ఎత్తుకొచ్చాను.