తూర్పు గాలి తగిలితే

ఆశ్వయుజం వచ్చిందని మా బాన్సువాడలో ఎవరికీ చెప్పక్కర్లేదు. గట్ల మీద గునుగు తెల్లగా పూస్తుంది, బస్టాండు ముందు సీతాఫలాల గంపలు దిగుతాయి, పొద్దున్నే వరి ఆకు పట్టుకుంటే అరచెయ్యి తడుస్తుంది. నాకివన్నీ ఇష్టం. మా గట్టు పక్క రైతు బసవయ్యన్నకు మాత్రం ఒక్కటే గుర్తు, తూర్పు గాలి. తూనీగలు నాలుగు కిందికి దిగి తిరిగినా ఆయన ముఖం మాడిపోతుంది.

ఆ గాలి తగిలిందంటే చేను పండిందా లేదా అని చూడడు, కోత మిషన్‌ను పిలిచేస్తాడు. గింజ పచ్చి, తేమ ఎక్కువ, తూకం తక్కువ. ఏటా ఇదే వరస. ఆకాశంలో మబ్బుతునక లేకముందే టార్పాలిన్లు కొని పెట్టుకుంటాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

"అన్నా, సముద్రం మన నిజాంసాగర్ దాక నడుసుకుంట వస్తదా ఏంది?" అని నేను ఏడిపించేవాణ్ణి. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆయనది దివిసీమ. డెబ్బై ఏడు ఉప్పెనలో పదేళ్ళ వయసులో తల్లిని పోగొట్టుకుని, తండ్రితో పాటు మా దగ్గర్లోనే చుట్టాలున్న వర్నికి వచ్చి, పెద్దయ్యాక మా పక్కన చేరాడు. అదంతా నాకు తెలుసు. అయినా ఒక భయాన్ని ఎన్నేళ్ళని మోస్తాడని నా చిరాకు.

ఈ ఏడాది దసరా ముందు రోజు గాలి మళ్ళీ అటునుంచే కొట్టింది. మధ్యాహ్నానికల్లా మిషన్ తెచ్చేశాడు. దాన్ని నడిపే సంతోష్ కిందికి దిగి కంకి నలిపి చూశాడు.

"గింజ ఇంకా పచ్చిగనే ఉంది గదన్నా. ఇంకో వారం ఆగరాదు?"

"వానుందయ్యా, నువ్వు దించు."

అప్పుడు ఆయన భార్య శాంతకుమారి వదిన గట్టు దిగి వచ్చి మిషన్ ముందు నిలబడింది. మొగుడికి ఎదురు చెప్పని మనిషేం కాదు, రోజుకు నాలుగుసార్లు చెబుతుంది. కానీ ఆ రోజు గొంతు వేరుగా ఉంది.

"ఏవండీ, పెళ్ళై ఈ ఊరొచ్చిన కాణ్ణుంచీ మన చేను పండగా నేను చూళ్ళేదు. అందరి చేలూ పండితే మనదొక్కటే పచ్చిగా తెగిపోద్ది. ఈ ఒక్కసారి చూడనివ్వండి."

బసవయ్యన్న తూర్పు దిక్కు చూశాడు. "మా అమ్మ పోదామంది శాంతా. రేడియోలో వాయుగుండం అన్నారు, పుట్టింటికి పోదామంది. మా నాన్నే, చేను పండింది, కోసుకుని పోదాం, రెండ్రోజులు ఆగమన్నాడు."

ఇన్నేళ్ళలో ఈ మాట నేను వినలేదు. ఆయనకు ఆగడమంటేనే భయమని అప్పుడర్థమైంది.

వదిన ఆయన చెయ్యి పట్టుకుంది. "ఇక్కడ వానొస్తే చేను తడుస్తది, అంతేనండి. నేనెక్కడికీ పోను."

ఆయన తనూ ఒక కంకి తెంపి నలిపి చూశాడు. చివరికి సంతోష్‌తో, "తీసుకెళ్ళవయ్యా" అన్నాడు.

ఆ వారం ఆయన్ను చూడాలి! తిండి సయించదు, కాలు ఒకచోట నిలవదు. మధ్యలో వాన పడనే పడింది. ఒక మూల వరి కాస్త పడిపోయింది కూడా. నేను గొడుగేసుకుని పరుగెత్తితే, ఇద్దరూ నెత్తిన టార్పాలిన్ కప్పుకుని గట్టు మీద కూర్చుని ఉన్నారు. వాన వెలిసింది. ఇంకేం కాలేదు.

తర్వాత ఎండలు కాశాయి, చేను పండింది. నిజం చెప్పాలంటే మా చేను కన్నా బాగా పండింది, నాకు కాస్త కడుపుమంటగానే ఉంది. ఒక పొద్దున మేం గట్టు మీద ఉండగా సంతోష్ బసవయ్యన్నకు ఫోన్ చేశాడు.

"అన్నా, మిషన్ ఖాళీగుంది. ఇప్పుడే రానా?"

గాలి తూర్పునుంచే వీస్తోంది. వదిన చెప్పులు విప్పి చేలోకి దిగి, వంగిన కంకుల మీద చెయ్యి ఆనించి మెల్లగా నడుస్తోంది. బసవయ్యన్న ఆమెనే చూస్తున్నాడు.

"రేపు రావయ్యా" అన్నాడు. "ఇవాళ మేం చూసుకోవాలి."