ముప్పై ఒక్క ఫోన్ల కోసం పోటు వేళలు

సముద్రపొడ్డున ఉన్న మెటెగాన్ ఊళ్ళో లియోనీ దెవో అంటే ఎరగనివాళ్ళు తక్కువ. పద్దెనిమిదేళ్ళు హాలిఫాక్స్ నగరంలో ఒక బీమా కంపెనీకి ప్రోగ్రాములు రాసింది. నలభై నాలుగో ఏట ఆ ఉద్యోగం వదిలేసి ఊరికొచ్చి, తల్లి ఇంట్లో మేడ మీది గదిలో బల్ల వేసుకుని కూర్చుంది. ఊరి ముందున్న అఖాతంలో నీళ్ళు ఎప్పుడు పోటెక్కుతాయో, ఎప్పుడు తీస్తాయో చెప్పే యాప్ ఒకటి ఒంటిచేత్తో తయారుచేసింది. పడవలవాళ్ళు వాడుకున్నారు, ఒడ్డున కుక్కల్ని తిప్పుకునేవాళ్ళు వాడుకున్నారు. ఊరివాళ్ళ దగ్గర ఉండే రెండు రకాల ఫోన్లకూ సరిపోయేలా చేశానని ఆమెకి లోలోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

2014 మార్చిలో చర్చి హాల్లో విందు జరిగింది. లియోనీ రాప్యూర్ అనే బంగాళాదుంపల వంటకం వడ్డించుకుని కూర్చోగానే ఎవరిస్త్ తిబోదో తన పళ్ళెం పట్టుకొచ్చి ఎదురుగా చతికిలబడ్డాడు. ఆయన ఆమె తల్లికి పినతల్లి కొడుకు. నీళ్ళు తీసినప్పుడు బయటపడే బురదమేటల్లో యాభై ఏళ్ళుగా తినే గుల్లలు తవ్వుతున్నాడు.

"ఏమే అమ్మాయ్, నీ యాప్ మాకు పనికిరాదటగా?" అన్నాడు.

"ఎందుకు పనికిరాదు మావయ్యా? ఏ ఫోను నీది?"

ఆయన జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. విండోస్ ఫోను. యార్మౌత్‌లో ఒక కొట్టు మూసేస్తూ మిగిలిన ఫోన్లన్నీ గుల్లలు తవ్వేవాళ్ళ సంఘానికి వచ్చిన ధరకి ఇచ్చేసింది. ముప్పై ఒక్కమంది తీసుకున్నారు.

"దీనికి వేరే రాయాలి మావయ్యా. మొదట్నించీ రాయాలి."

"అయితే రాయి. నేను వద్దన్నానా?" అంటూ ఆయన ఆమె పళ్ళెంలోంచి మాడిన అంచు ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు.

ఇంటికొచ్చాక లియోనీ హాలిఫాక్స్‌లో ఉన్న పాత సహోద్యోగి గ్రెగర్ మక్‌ఫెయిల్‌కి ఫోన్ చేసింది. ఆమె ఏది రాసినా ముందు వాడి చూసి తప్పులు పట్టేది అతనే.

"నీకేమైనా పిచ్చా లియోనీ? వందమందిలో ముగ్గురు కూడా వాడరు ఆ ఫోను. రెండేళ్ళు పోతే ఆ ముగ్గురూ ఉండరు. నువ్వు నాలుగు నెలలు దానిమీద కూర్చుంటే ఉన్న యాప్‌ని ఎవరు చూస్తారు?"

అతను చెప్పినదాంట్లో తప్పు లేదు. గాలి వేగం చూపించడం, లంగరు వేసేచోట లోతు చూపించడం లాంటి పనులు పడవలవాళ్ళు అడిగినవే ఇంకా సగంలో ఉన్నాయి. కుదరదని చెప్పేద్దామని రెండుసార్లు ఎవరిస్త్ ఇంటికి బయల్దేరి, రెండుసార్లూ దారిలో ఏదో పని కల్పించుకుని వెనక్కి తిరిగింది. మొహం మీద చెప్పడం అంత తేలిక కాదు. చివరికి మే నెల మొదట్లో ఒక పొద్దున, ఆయన మేట మీదికి వెళ్ళే వేళ చూసుకుని, బూట్లు తొడుక్కుని తనూ వెంట వెళ్ళింది. నాలుగు బుట్టలు నిండేలోగా చెప్పేయొచ్చనుకుంది.

నీళ్ళు తీసిన నేల కనుచూపుమేర నల్లగా మెరుస్తోంది. ఎవరిస్త్ నడుం వంచి, పొట్టి పిడి పారతో బురద తిరగేసి గుల్లలు ఏరుతున్నాడు. ఆమెకీ ఒక పార ఇచ్చాడు. గంట తిరక్కుండానే మోచేతుల దాకా బురద అంటింది. మాట మొదలుపెడదామనుకునేసరికి సముద్రం మీంచి మంచు వచ్చి, ఒడ్డున ఉన్న చర్చి శిఖరాన్ని మింగేసింది.

"ఇంకెంతసేపుంది మావయ్యా నీళ్ళు తిరగడానికి?"

"నువ్వే చెప్పాలి. యాప్ నీదేగా!"

లియోనీ జేబులోంచి తన ఫోను తీసింది. బురద వేలితో తాకితే అది కదల్లేదు. చొక్కాకి తుడుచుకుని మళ్ళీ తాకింది. తెరుచుకుంది కానీ వేరేదేదో తెరుచుకుంది. తను రాసిన యాప్ దాకా చేరడానికి ఇంకా నాలుగుచోట్ల నొక్కాలి. ఎప్పుడూ శుభ్రమైన బల్ల ముందు కూర్చుని నొక్కిన నాలుగు చోట్లు అవి.

ఎవరిస్త్ తన ఫోను తీసి మోచేత్తో పక్కన మీట నొక్కాడు. తెర మీద పెద్ద పెద్ద గళ్ళు పలకల్లా ఉన్నాయి. ఒకదాంట్లో టైము, ఒకదాంట్లో చలి ఎంతుందో. ఆయన కళ్ళకి శుక్లాలు. అయినా చెయ్యి చాచి పట్టుకుని చదివేశాడు.

"ఎనిమిదీ పది. ఇదిగో, ఈ ఖాళీ పలకలో నీళ్ళెప్పుడు తిరుగుతాయో కనబడితే చాలు. నాకు నీ బొమ్మలొద్దు, గీతలొద్దు. పోయినేడు ఇలాంటి మంచులోనే మాతో తవ్వే అల్ఫోన్స్ దారి తప్పి, మొల లోతు నీళ్ళలో బుట్టలొదిలేసి వచ్చాడు."

"ఒక్క అంకె చాలా?"

"ఒక్క అంకె. పెద్దది."

ఒడ్డువైపు నడుస్తూ లియోనీ తను చెప్పదలుచుకున్నది చెప్పింది. కాకపోతే అది ఇంట్లో అనుకున్న మాట కాదు. "మొత్తం యాప్ చెయ్యను మావయ్యా. ఆ పలక ఒక్కటీ చేస్తాను. కానీ ముందే చెప్తున్నా, ఈ ఫోన్లు ఇంకెంతకాలం తయారుచేస్తారో తెలీదు. అవి ఆగితే ఇదీ ఆగిపోతుంది."

"నేను మటుకు ఇంకెంతకాలం తవ్వుతానో ఎవరికి తెలుసు? అలాగని రేపట్నించి మంచం ఎక్కమంటావా?"

పలక తయారవడానికి అయిదు వారాలు పట్టింది. గ్రెగర్ వేళాకోళం చేస్తూనే ఎవరి దగ్గరో ఒక పాత విండోస్ ఫోను అరువు తెచ్చుకుని, పోటు తిరిగాక అంకె మారడం లేదని తప్పు పట్టి పెట్టాడు. జూన్ నెలాఖరున సంఘం గదిలో ముప్పై ఒక్క ఫోన్లూ వరసగా పెట్టించుకుని, లియోనీ తన చేత్తోనే అన్నింట్లోనూ ఎక్కించింది. ఆ తర్వాత ఆమె పడవలవాళ్ళు అడిగిన పనులకు తిరిగి వెళ్ళింది గానీ, ముందుగా మిగతా రెండు రకాల ఫోన్లలోనూ అదే పెద్ద అంకెని మొదటి తెర మీదికి తెచ్చింది. గీతలూ పటాలూ వెనక్కి వెళ్ళాయి. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఎండ్రకాయల పడవల మీద పనిచేసే ఒకామె మాత్రం, చేతికి తొడుగులు తియ్యకుండా చూసుకోగలుగుతున్నానని రెండు ముక్కలు రాసింది.

గ్రెగర్ చెప్పినట్టే అయింది. రెండేళ్ళు కాదు, మూడేళ్ళు పట్టింది. ఫోన్లు ఒక్కొక్కటే పాడయ్యాయి, కొత్తవి దొరకలేదు. పలక ఉన్న ప్రతి ఫోనూ పొద్దున్నే దానంతటదే లియోనీ కంప్యూటరుని ఆ రోజు పోటు వేళలు అడుగుతుంది; అలా అడిగే విండోస్ ఫోన్ల సంఖ్య పన్నెండుకి, తర్వాత నాలుగుకి పడిపోయింది. 2018 వచ్చేసరికి ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కటి ఎవరిదో ఆమెకి తెలీదు. సంఘంలో అడిగితే అందరూ కొత్త ఫోన్లు చూపించారు.

ఒకరోజు ఎవరిస్త్‌ని చూడ్డానికి వెళ్ళింది. మోకాళ్ళు అరిగిపోయి ఆయన తవ్వడం మానేసి అప్పటికి రెండేళ్ళయింది. వంటింటి కిటికీ అంచు మీద, ఛార్జింగ్ తీగ తగిలించి నిలబెట్టిన విండోస్ ఫోను కనబడింది.

"నువ్వా మావయ్యా! ఎక్కడికీ వెళ్ళవు కదా, నీకెందుకిది?"

"నీళ్ళెక్కడున్నాయో తెలీకపోతే నాకు ముద్ద దిగదే," అన్నాడాయన, ఆమెకి టీ పోస్తూ.

లియోనీ ఆ ఏడాది విండోస్ పలకను తీసెయ్యాలనుకుంది. తియ్యలేదు. ప్రతి పొద్దునా ఆ ఒక్క ఫోనూ అడుగుతూనే ఉంది, ఆమె కంప్యూటరు వేళలు పంపుతూనే ఉంది.